కారు రాని సరంగు

బజారు కొండ వాలు మీద కారు ఆపి, మళ్లీ పైకి పోనివ్వమన్నాడు సార్జంటు ఆల్బన్ పాస్కాల్. ఎర్మినా జూల్ ఆపడం వరకూ బ్రహ్మాండంగా ఆపింది. ఆ తర్వాతే బ్రేకు మీంచి కాలు తీసేసి, ఇంజను కట్టేసి, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూస్తూ కూర్చుంది. జోరు తగ్గించి వదిలేస్తే పడవ దానంతటదే మెల్లిగా జెట్టీకి చేరుకుంటుంది. ఆమె చేతులకి తెలిసిందల్లా అదే. కారుకి ఆ మర్యాద తెలియదు. అది వెనక్కి జారి జారి, చేపలమ్మే యుడోక్సీ అవ్వ బల్లని పొడిచి ఆగింది.

"ఓరి నాయనో, నా చేపలు!" అవ్వ కత్తి పట్టుకునే లేచింది. లోపలున్నదెవరో చూసి కత్తి దించింది. "నువ్వా పిల్లా! సముద్రం చాల్లేదా నీకు, బజారు మీద కూడా పడ్డావు?"

ఆల్బన్ కారు దిగాడు. తెల్ల చేతిజోళ్లు మడత నలగకుండా తీసి జేబులో పెట్టుకున్నాడు. బల్ల కిందికి జారిన చేపలు ఒక్కొక్కటే ఏరి, దుమ్ము దులిపి, అవ్వ ముందు వరసగా పెట్టాడు. ఈ పని ఆయనకి అలవాటైపోయింది. ఎర్మినా డ్రైవింగు పరీక్షకి రావడం ఇది మూడోసారి.

"ఫెయిల్," అన్నాడు.

"సార్జంటు గారూ, పైకి ఎక్కించాను కదండీ!"

"ఎక్కించావమ్మా. దిగిపోయావు కూడా."

ఎర్మినా కోస్టుగార్డులో కార్పొరల్. పెతీ కానో అనే లంకలో పుట్టింది. అక్కడ రోడ్డు లేదు, కారు లేదు, మేకలు నడిచే దారి ఒకటుంది. మా మోదెస్త్ ద్వీపంలో కోస్టుగార్డంటే పోలీసుశాఖకి సవతిబిడ్డ. పోలీసులకి ఏ రూలో వీళ్లకీ అదే రూలు. సార్జంటు కావాలంటే కారు నడపడం వచ్చి తీరాలి. ప్రభుత్వం పెద్ద పడవ ఇస్తే దాన్ని నడిపే సరంగు సార్జంటే అయి తీరాలి. ఈ రెండు రూళ్లు పెట్టిన మహానుభావుడు ఎవరో గాని, జన్మలో పడవెక్కి ఉండడు.

ఆమె కారు తాళాలు ఇచ్చేస్తుండగా రేవులోంచి ఓడ కూత వినిపించింది. చేపల బజారంతా అటు తిరిగింది. సరుకుల ఓడ పైభాగాన, తాళ్లతో కట్టేసి, తెల్లగా మెరుస్తూ కొత్త పడవ కనిపిస్తోంది. ఉత్తరాన ఉన్న పెద్ద దేశం దానంగా పంపింది. ఎర్మినా అక్కడే నిలబడిపోయింది. ఆ పడవ కోసమే ఆమె మూడుసార్లు కారెక్కింది.

"నీదేనటే?" అంది అవ్వ, పొలుసు గీకుతూ.

"లైసెన్సు వస్తే నాదే."

"అయితే కాదన్నమాట," అని అవ్వ ఇంకో చేప అందుకుంది.

కోస్టుగార్డు స్టేషనులో ఉన్నవి మూడు పడవలు, మూడూ దానాలే. మొదటిది ఇచ్చిన దేశం అంగుళాల్లో కొలుస్తుంది, రెండోది ఇచ్చిన దేశం మిల్లీమీటర్లలో కొలుస్తుంది. దీని స్పానరు దాని నట్టుకి పట్టదు. మూడోది రబ్బరు పడవ. పొద్దున గాలి కొడితే మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. రేడియో బ్రహ్మాండంగా మాట్లాడుతుంది గాని, దానికి వినబడదు. లైఫ్ జాకెట్లకి మాత్రం లోటు లేదు. ఇచ్చినవాళ్లు ఎంత భారీ మనుషులో, ఒక్కో జాకెట్టులో మావాళ్లు ఇద్దరేసి పడతారు. పడవలన్నీ పోలీసువారి లెక్కలో వాహనాలు కాబట్టి వాటికి నంబరు ప్లేట్లు కూడా ఉన్నాయి. ఏటా రవాణా విభాగం నుంచి వాహనానికి నాలుగు చొప్పున టైర్లు వస్తాయి. పడవకి టైర్లేమిటని అడిగితే పంపడం మానేస్తారేమోనని ఎవరూ అడగరు. జెట్టీకి పడవ రాసుకోకుండా పక్కల వేలాడదీయడానికి అంతకంటే మంచివి దొరకవు.

దళాధిపతి సూపరింటెండెంట్ మోంప్లెజీర్ గది మేడ మీద. కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు కనబడుతుంది, సముద్రం కనబడదు. అది ఆయన కోరి తీసుకున్న గది. గోడ మీద దళం నిర్మాణాన్ని చూపే పటం ఉంది. పైన పెద్ద పెట్టెలో ఆయన పేరు, దాని కింద గీతలు, గీతల కింద చిన్న పెట్టెలు. గస్తీ విభాగం, కార్పొరల్ జూల్. గాలింపు, రక్షణ విభాగం, కార్పొరల్ జూల్. చమురు కాలుష్య నివారణ విభాగం, మళ్లీ కార్పొరల్ జూల్. ఆ రోజు ఆయన స్టూలెక్కి కొత్త పెట్టె ఒకటి గీస్తున్నాడు. స్కేలు పెట్టి, నాలిక కొస బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా గీశాడు. కొత్త పడవ సరంగు అని రాశాడు. దాని కింద రాసిన పేరు చదివి ఎర్మినా నమ్మలేక మళ్లీ చదివింది. సార్జంటు ఆల్బన్ పాస్కాల్.

"సార్, ఆయన ట్రాఫిక్ సార్జంటు కదండీ!"

"సార్జంటే కదా." మోంప్లెజీర్ స్టూలు దిగాడు. "నేనేం చెయ్యను చెప్పమ్మా? ఒక సార్జంటు మోకాలు చిప్ప మార్పించుకోడానికి బార్బడోస్ వెళ్లాడు. ఇంకొకడు మంత్రిగారి గేటు దగ్గరున్నాడు. వాడు గేటొదిలి వస్తాడా? ఆదివారం రాయబారి వస్తున్నాడు, మంత్రిగారొస్తున్నారు. పడవ నడపాలి."

"నేను నడుపుతానుగా సార్."

"నడుపుతావు. నిన్ను మించినవాళ్లు ఈ ద్వీపంలోనే లేరు. నాకు తెలీదూ? అందుకే ఆయనకి నేర్పే పని నీకిచ్చాను." నిజంగా మెచ్చుకుంటున్నట్టే అన్నాడు ఆ మనిషి.

ఎర్మినా కిందికి పోయి, పాత పడవ అడుగున నిలిచిన నూనె నీళ్లు తోడడం మొదలుపెట్టింది. అవసరం లేకపోయినా తోడింది. తోడిన చోటే మళ్లీ తుడిచింది. ఏడుపొస్తే బాగుండునని చూసింది గాని రాలేదు. ఒళ్లంతా మంటగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆల్బన్ జెట్టీ మీదికి వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటు, తెల్ల చేతిజోళ్లు, మెళ్లో ఈల. పాత పడవలోకి దిగి, చక్రం ముందు కూర్చుని, అద్దం సర్దుకోబోయాడు.

"అద్దమేది?"

"లేదండి."

"బెల్టు?"

"లేదండి."

"బ్రేకు?"

"అదీ లేదండి."

ఆయన ఆమె వంక అనుమానంగా చూశాడు. "ఆపడమెట్లా మరి?"

"వెనక గేరు వెయ్యాలండి."

"ముందుకు పోతున్న బండికి వెనక గేరా? గేరుబాక్సు ఊడి కింద పడదూ!"

రేవు దాటేటప్పుడు ఆయన చెయ్యి బయటికి చాపి, కుడివైపు తిరుగుతున్నానని సైగ చేశాడు. వెనక ఎవరూ లేరు, రెండు గూడకొంగలు తప్ప. రేవు నోటి దగ్గర కెరటాలు మొదలయ్యాయి. పడవ లేవడం, దిగడం మొదలెట్టింది. ఆల్బన్ ముఖం ముందు పచ్చబడింది, తర్వాత ఉడికించిన అరటికాయ రంగులోకి తిరిగింది. పొద్దున తిన్న ఉప్పుచేప, సీమపనస ముక్కలు సముద్రానికి అప్పజెప్పేశాడు. అంత అవస్థలోనూ చేతిజోళ్లు తడవకుండా రెండు చేతులూ పైకెత్తే ఉంచాడు.

తిరిగొచ్చి జెట్టీకి చేర్చేటప్పుడు అసలు కథ జరిగింది. జెట్టీ దగ్గరపడే కొద్దీ ఆయన కుడికాలు నేలని తన్నడం మొదలెట్టింది. వెనక గేరు వెయ్యండి అని ఎర్మినా అరుస్తూనే ఉంది. ఆయన ఇంకా గట్టిగా తన్నాడు. పడవ వెళ్లి జెట్టీ స్తంభాన్ని ఫెళ్లుమని విరగ్గొట్టింది.

వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు లేచి నిలబడ్డారు. వాళ్లలో ఆల్బన్ చేత ఫైను రాయించుకోనివాడు లేడు.

"సార్జంటు గారూ, ఆ స్తంభానికి ఫైను రాయండి! దారికడ్డంగా నిలబడింది!"

"హెల్మెట్టు కూడా పెట్టుకోలేదండీ అది!"

ఎర్మినా కూడా నవ్వింది. దాచుకోకుండా, కడుపు పట్టుకుని నవ్వింది. మూడుసార్లు చేపల బల్ల ముందు నిలబెట్టి ఫెయిలన్న మనిషి ఇవాళ నీళ్లోడుతూ నిలబడితే ఆమెకి చల్లగా ఉంది. తర్వాతి రోజూ అంతే. ఆ పై రోజూ అంతే. రెండో స్తంభం కూడా పోయింది. ఆయన మాత్రం రోజూ వేళకి, ఇస్త్రీ ప్యాంటుతో వస్తూనే ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం పడవ కట్టేశాక ఆయన జెట్టీ చివర కూర్చున్నాడు. ఎర్మినా తాడు చుడుతోంది.

"నేను అడిగి రాలేదమ్మా," అన్నాడు ఉన్నట్టుండి. "మంత్రిగారి బావమరిది కారు కూడలి మధ్యలో ఆపి రమ్ము కొనుక్కోడానికి పోయాడు. ఫైను రాశాను. మర్నాడు పిలిచి, నీకు ప్రమోషను, సముద్రం మీదికి పో అన్నారు."

ఎర్మినా చెయ్యి ఆగింది. ఈ సంగతి ఆమెకి తెలియదు. జాలి కలిగింది, కలిగినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. తాడు వదిలేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"అయితే ఒక పని చెయ్యండి. నన్ను పాస్ చేసెయ్యండి. ఇవాళే. నాకు సార్జంటు గీతలొస్తాయి, పడవ నేను తీసుకుంటా. మీరు మీ కూడలికి పోయి హాయిగా ఈల ఊదుకోండి. ఎవరికి నష్టం?"

ఆయన కష్టం మీద తల పైకెత్తాడు.

"నీకు కారు నడపడం వచ్చా?"

ఎర్మినా సముద్రం వైపు చూసింది.

"ఆ వాలు కింద బడి ఉంది ఎర్మినా. బడి వదిలే వేళకి పిల్లలు రోడ్డు మీదికొస్తారు. నువ్వే చెప్పు, వచ్చా?"

"రాదు."

"మరి ఎట్లా చెయ్యను?"

"మంచివారండీ! మహా మంచివారు!" ఆమె అరిచింది. "నేను కారెక్కనండీ, ఒట్టు. జన్మలో ఎక్కను. నాకు కావాల్సింది ఆ పడవ. గాలివానలో పెతీ కానో వాళ్లని ఒడ్డుకి చేర్చింది నేను. మీ మంత్రిగారు సిగార్ పట్టుకుని నీళ్లలో పడితే జుట్టు పట్టి లాగింది నేను. రేపు రాయబారి ముందు తాడు పట్టుకుని జెట్టీ మీద నిలబడాల్సింది కూడా నేనే! మీ నీతికి నా బతుకే దొరికిందా?"

ఆయన తల వంచుకుని వింటూ కూర్చున్నాడు. ఆమె అరిచి అరిచి ఆగాక, నేల మీద వేలితో ఏదో గీస్తూ, తనలో తను చట్టం వల్లించుకోవడం మొదలెట్టాడు. కూడలిలో నిలబడ్డన్నాళ్లూ ఆయనకి అదే జపం.

"నేర్చుకునేవారు ఎవరైనా సరే, అర్హత గల వ్యక్తి పక్కన కూర్చుని ఉండగా, శాఖకి చెందిన ఏ వాహనాన్నైనా నడపవచ్చు..." టక్కున ఆగాడు. "ఏ వాహనాన్నైనా."

"అయితే?"

"పడవ వాహనమేగా? నంబరు ప్లేటుందిగా! అర్హత గల వ్యక్తిని నేను. పక్కన కూర్చుంటాను. చక్రం నువ్వు పట్టుకుంటావు. రూలు చెక్కుచెదరదు." లేచి నిలబడ్డాడు. మూడు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖానికి మనిషి రంగు వచ్చింది. "ఒకటే షరతు. ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టాలి."

ఎర్మినాకి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక తాడు ఎత్తి ఆయన మీద విసిరింది.

"నాకా! నాకు ఎల్ బోర్డా! సిగ్గులేదండీ మీకు?"

ఆల్బన్ ఆ తాడు భుజం మీంచి తీయకుండానే మోంప్లెజీర్ దగ్గరికి పోయాడు. మోంప్లెజీర్ విరిగిన స్తంభాల గురించి అప్పటికే విని, భోజనం మానేసి కూర్చున్నాడు. రాయబారి సమక్షంలో రాయబారి దేశపు పడవ ముక్కలైతే తన పెద్ద పెట్టె ఏమవుతుందోనని ఆయన బెంగ. ఆల్బన్ చట్టం ఒకసారి వల్లించగానే లేచి కౌగలించుకున్నాడు. అర్హత గల వ్యక్తి అంటే రోడ్డు మీద ఒకరు, నీళ్ల మీద ఇంకొకరు కాదా అని ఆయనకి తోచలేదు. తోచినా పైకి అనేవాడు కాదు.

ఆ సాయంత్రం ఎర్మినా యుడోక్సీ అవ్వ ఇంటికి పోయి కూర్చుంది. కొత్త పడవకి అవ్వే జ్ఞానతల్లి, బాప్తిస్మంలో బిడ్డకి తల్లిగా నిలబడే మనిషి లాంటిది. జ్ఞానతల్లి రమ్ము పొయ్యందే మా రేవులో ఏ పడవనీ పడవ అనరు, అది ఏ దేశం ఇచ్చినా సరే.

"ఊరంతా నవ్వుతుందవ్వా," అంది.

"నవ్వుతుంది," అంది అవ్వ. "నవ్వనీ. చక్రం పట్టుకోవాలనుందా, లేదా?"

ఆ చక్రం మీద చెయ్యి వేయడానికి మెళ్లో గంట కట్టుకోమన్నా ఆమె కట్టుకునేదే.

ఆదివారం పూజ ముగియగానే ఊరంతా రేవులో ఉంది. బ్యాండు వాయించారు. ఫాదరు పవిత్ర జలం చల్లాడు. అవ్వ రమ్ము సీసా తెరిచి, సముద్రానికి కాస్త, పడవ ముక్కుకి కాస్త, తన గొంతులోకి కాస్త పోసింది. పడవ ముందు భాగాన, ఇచ్చిన దేశపు జెండా పక్కనే, తెల్ల పలక మీద ఎర్రటి ఎల్ అక్షరం. జాలర్లు ముందు నోళ్లు తెరిచారు, తర్వాత ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు.

"ఎర్మినా! చెయ్యి చాపడం మర్చిపోకే!"

"వాలు మీద జాగ్రత్త తల్లీ!"

ఆమె పళ్లు బిగించి చక్రం పట్టుకుంది. రెండు ఇంజన్లూ ఒక్కసారి గురగురమన్నాయి. అరికాళ్లలోంచి ఆ వణుకు పైకి పాకింది. మరుక్షణం ఆమెకి ఎవరి నవ్వూ వినబడలేదు. పడవ మెత్తగా, చేప తోక తిప్పినంత సుళువుగా జెట్టీని వదిలింది. పక్కన కుర్చీలో ఆల్బన్ బిగుసుకుని కూర్చున్నాడు. వెనక మంత్రి, రాయబారి, మోంప్లెజీర్, అవ్వ.

రేవు నోరు దాటి, కొండముక్కు చుట్టూ తిప్పింది. అక్కడ కెరటాలు అడ్డంగా వస్తాయి. ఒక్కో కెరటాన్ని ఏ మూల అందుకోవాలో ఆ మూలే అందుకుని, ఎక్కించి, దించింది. రాయబారి చేతిలో రమ్ము గ్లాసు తొణకలేదు. ఆల్బన్ మాత్రం టోపీ తీసి అందులో పని కానిచ్చాడు.

మంత్రిగారికి హుషారొచ్చింది. బోర్డు వైపు చూపించి రాయబారితో పెద్దగా అన్నాడు, "భయపడకండి సార్. మా అమ్మాయి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. పక్కన మా సార్జంటున్నాడు, చూసుకుంటాడు." రాయబారి నవ్వాడు. మోంప్లెజీర్ రెండింతలు నవ్వాడు.

ఎర్మినా చెవులు కాలిపోయాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందున్న సముద్రం మసకబారింది. చెయ్యి మాత్రం చక్రం మీంచి తీయలేదు.

ఆల్బన్ టోపీ పక్కన పెట్టాడు. కుర్చీ పట్టుకుని, తూలుతూ లేచి, మంత్రి వైపు తిరిగాడు.

"ఆ బోర్డు నాదండి," అన్నాడు.

"ఏమిటీ?"

"నేర్చుకుంటున్నది నేనండి. ఆమె నేర్పుతోంది. మూడు రోజుల్లో రెండు స్తంభాలు విరగ్గొట్టాను. నాకింకా రాలేదు. వస్తుందని కూడా అనుకోను."

మోంప్లెజీర్ దగ్గాడు. ఆ దగ్గు ఎవరూ పట్టించుకోలేదు.

"మరి నువ్వెందుకయ్యా సరంగువి?" అన్నాడు మంత్రి.

"నాకు కారు నడపడం వచ్చండి," అన్నాడు ఆల్బన్. "అందుకు."

రాయబారి అది మా ద్వీపపు హాస్యం అనుకుని పగలబడి నవ్వాడు. ఎవరూ తోడు రాకపోయేసరికి నవ్వు సగంలో ఆపి, అందరి ముఖాలూ చూశాడు. మంత్రి ఎర్మినా వీపు వైపు చూశాడు. తనని జుట్టు పట్టి లాగిన చెయ్యి అదేనని అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, గ్లాసు కింద పెట్టేశాడు. "చూద్దాం," అని గొణిగాడు. మా ద్వీపంలో చూద్దామంటే చూస్తారని కాదు, ఆ సంగతి ఎర్మినాకీ తెలుసు.

"నా జ్ఞానపుత్రికని ఒడ్డుకి చేర్చవే పిల్లా," అంది అవ్వ. "చేపలు కుళ్లిపోతున్నాయి."

ఎర్మినా జోరు తగ్గించింది. ఇంజన్లని ఒకదాన్ని ముందుకీ, ఒకదాన్ని వెనక్కీ తిప్పింది. పడవ ఉన్నచోటే తిరిగి, పక్కవాటుగా జరిగి, జెట్టీకి ఆనీ ఆననట్టు ఆనింది. జాలర్లు నవ్వడం మానేశారు. పడవ మీద ఏం జరిగిందో వాళ్లకి తెలియదు. వాళ్లు చూస్తున్నది వేరే. పడవ దిగేటప్పుడు అందరి తర్వాత దిగేవాడే సరంగని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

రాయబారి దిగాడు. మంత్రి దిగాడు. మోంప్లెజీర్ ఎవరి ముఖమూ చూడకుండా దిగాడు. అవ్వని ఇద్దరు పట్టుకుని దింపారు. పడవలో ఆల్బన్, ఎర్మినా మిగిలారు.

"మీరు ఆగండి," అంది ఎర్మినా మెల్లిగా. "సరంగు మీరే. అందరూ చూస్తున్నారు."

"అందుకేనమ్మా," అన్నాడు ఆల్బన్.

మరకలు పడ్డ టోపీ చంకన పెట్టుకుని, నిటారుగా నిలబడి, పై అధికారికి పెట్టినట్టు ఆమెకి సెల్యూట్ కొట్టాడు. పడవ అంచు పట్టుకుని, ఒక కాలు జాగ్రత్తగా జెట్టీ మీద వేసి, రెండోది లాక్కుని, దిగిపోయాడు. ఊరంతా చూసింది.

ఎర్మినా ఒక్కతే మిగిలింది. ఇంజన్లు కట్టేసింది. తాడు మెలికలు లేకుండా చుట్టింది, తర్వాత విప్పి మళ్లీ చుట్టింది. ఒడ్డు మీద అందరూ ఎదురు చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు.